గ్యాసు మీ పొయ్యికి, మురుగు ఎవరి చెరువుకి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం గోబర్ గ్యాస్ గురించే. పోయిన నెల గేదెల గురకవ్యాధి మీద అంత పెద్ద సమాధానం రాస్తే స్పందించింది ఇద్దరు. పేడ అనేసరికి ఇంతమంది! నేను ముప్ఫై ఏళ్ళు కోనసీమలో పశువుల డాక్టరుగా తిరిగినవాణ్ణి. ఇంజనీర్ని కాను, లాయర్ని అంతకన్నా కాను. కాకపోతే మా పెరట్లో మూడు గేదెలున్నాయి, వాటి పేడతో నడిచే 2 ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంటు (నేలలో ఇటుక డోముతో కట్టే రకం) ఉంది, కాపురం కాలువగట్టు మీద. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు 22 పాడి గేదెలున్నాయి. షెడ్డు పక్కనే మురుగు బోదె. కడిగిన నీళ్ళన్నీ అందులోకే పోతాయి. దిగువ వాళ్ళు ఈమధ్య గొడవ పెట్టుకుంటున్నారు. గోబర్ గ్యాస్ కట్టేస్తే ఈ టెన్షన్ వదిలిపోతుందని ఒకరంటారు. దానికి పొల్యూషన్ బోర్డు పర్మిషన్ కావాలని ఇంకొకరంటారు. పేడకి పర్మిషనేంటని మా బావగారు నవ్వుతున్నారు. ఏది నిజం?
– పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక పాడి రైతు

జవాబు: మీ బావగారిని నవ్వడం ఆపమనండి. పర్మిషన్ కావాలి. అయితే అది మీరు కట్టబోయే ప్లాంటును చూసి అడిగేది కాదు, మీ 22 గేదెల్ని చూసి అడిగేది. పాడి ఫారాలు, గోశాలల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో వాటిని సవరించింది. 15 పశువులు, ఆపైన ఉన్న ఫారాలు 1974 నాటి నీటి చట్టం కిందా, 1981 నాటి గాలి చట్టం కిందా రాష్ట్ర మండలి దగ్గర సమ్మతి తీసుకోవాలి. మన దగ్గర సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారే, అవే. మొదటిది కట్టే ముందు, రెండోది నడిపే ముందు. మీ షెడ్డు ఎప్పుడో కట్టేశారు కాబట్టి ఇప్పుడు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడమే దారి. ఇళ్ళకు, బళ్ళకు, ఆసుపత్రులకు, నీటి వనరులకు షెడ్డు ఎంత దూరంలో ఉండాలో ఆ మార్గదర్శకాల్లో ఉంది. కొలత టేపు పట్టుకుని మీరే ముందు చూసుకోండి. అధికారి వచ్చి కొలిచేదాకా ఆగొద్దు.

ఇక ప్లాంటు కడితే గొడవ వదులుతుందా అన్నది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గోబర్ గ్యాస్ పేడను మాయం చేయదండీ. తట్టెడు పేడ, తట్టెడు నీళ్ళు లోపలికి పోతే, అవతలి వైపు నుంచి దాదాపు అంతా స్లర్రీగా బయటికొస్తుంది. పోయేది గ్యాసు మాత్రమే, దాని బరువెంత! మీ లెక్కే వేద్దాం. ఒక్కో గేదెకి రోజుకి 15 కిలోల పేడ వేసుకున్నా 330 కిలోలు. అంతే నీళ్ళు కలిపితే 660 లీటర్లు. అంటే రోజూ ఉదయం మూడు డ్రమ్ములకు పైగా స్లర్రీ మీ ఇంటి ముందు నిలబడి, నన్నెక్కడికి పంపుతారని అడుగుతుంది. దాన్ని మళ్ళీ అదే బోదెలోకి వదిలితే దిగువ వాళ్ళ గొడవ ఎక్కడికీ పోదు. ప్లాంటుకి పెట్టిన డబ్బులు మాత్రం పోతాయి.

పులిసిన పేడే కదా, ఎరువే కదా, నీళ్ళలో కలిస్తే ఏమవుతుందని మీరనొచ్చు. మడిలో ఎరువే. నీళ్ళలో మాత్రం ఊపిరి తీసేది. వ్యర్థ జలం నీళ్ళలోని ఆక్సిజన్‌ను ఎంత తినేస్తుందో చెప్పే కొలత ఒకటుంది, బీఓడీ అంటారు. కాలువల్లోకి, నదుల్లోకి వదిలే నీళ్ళలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. పొలానికి పారించే నీళ్ళైతే 100. పేడ స్లర్రీలో అది వేలల్లో ఉంటుంది, ప్లాంటులో పులిశాక తగ్గినా వేలల్లోనే. నీటి చట్టం 24వ సెక్షన్ ప్రకారం అలాంటిదాన్ని తెలిసి నీటి ప్రవాహంలోకి, బావిలోకి వదలడం నిషేధం. ఇరవై గేదెలున్నా నిషేధమే, రెండున్నా నిషేధమే.

మెట్ట ప్రాంతంలో ఇదే ప్రశ్న అడిగి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. మన డెల్టాలో చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలువ నీళ్ళు చెరువులో పట్టి, తేర్చి, అవే తాగుతాం. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు కాలువలు, పంట బోదెలు, మడులు దాటుకుంటూ మురుగు బోదెల్లోకి, అక్కణ్ణుంచి పెద్ద డ్రెయిన్లలోకి పోతాయి. కాగితం మీద పంట బోదె వేరు, మురుగు బోదె వేరు. వానాకాలంలో గట్లు తెగి పొంగితే ఏది ఏదో పోల్చగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. మీ బోదె దిగువన ఏ చెరువుందో, ఏ రొయ్యల గుంటకి ఆ నీళ్ళు తోడుతున్నారో ఒకసారి సైకిలేసుకుని చూసి రండి. దిగువ వాళ్ళకి ఎందుకు కోపమొచ్చిందో నేను చెప్పక్కర్లేదు.

మరేం చేయాలి? ముందు షెడ్డులో నీళ్ళ గొట్టం సంగతి చూడండి. అసలు దొంగ అదే. మీ 660 లీటర్లకి మన వేడి వాతావరణంలో పేడ పులియడానికి ముప్ఫై రోజులు వేసుకుంటే, దాదాపు 20 వేల లీటర్ల గుంత కావాలి. అంత గుంతా కట్టారనుకోండి. పాలేరు గొట్టం పెట్టి షెడ్డు కడిగేస్తే ఆ 330 కిలోల పేడతో పాటు 1,500 లీటర్ల నీళ్ళు వచ్చిపడతాయి. అప్పుడు పేడ లోపల ఉండేది ముప్ఫై రోజులు కాదు, పదకొండు రోజులే. సగం ఉడికిన అన్నంలా బయటికొచ్చేస్తుంది. గ్యాసు రాదు, కంపు మాత్రం వస్తుంది. అంచేత పేడ పారతో ఎత్తి ప్లాంటుకి, కడిగిన నీళ్ళు విడిగా ఇంకో తొట్టికి. ఆ తొట్టి నీళ్ళే కొన్ని పేడ కలపడానికి వాడుకోండి. ఫినాయిలు పోసి కడిగిన నీళ్ళు మాత్రం ప్లాంటులోకి పోనివ్వకండి, గ్యాసు తయారు చేసే సూక్ష్మజీవులు చస్తాయి.

తరవాతది నిల్వ. వేసవిలో ఫరవాలేదు, దాళ్వా కోసిన చేలు ఖాళీగా ఉంటాయి, ఎక్కడైనా పోసుకోవచ్చు. జూలై నుంచి అక్టోబరు దాకా చేలన్నీ నీళ్ళే. అప్పుడు పోసింది పైరుకి అందకుండా ముంపుతో పాటు డ్రెయినులోకి పోతుంది. నాలుగు నెలలంటే 120 రోజులు, రోజుకి 660 చొప్పున 80 వేల లీటర్లకు కాస్త తక్కువ. అంత ట్యాంకు కట్టమని మీకు చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఊరి వైపు నడిచే పద్ధతి చెబుతాను. మెరక మీద మూడు తొట్లు, అడుగున సిమెంటు, చుట్టూ అడుగు ఎత్తు గట్టు, పైన రేకులు. తొట్టిలో ఎండు వరిగడ్డి, కొబ్బరి పొట్టు పరిచి దాని మీద స్లర్రీ పోస్తారు. గడ్డి పీల్చుకుంటుంది, మిగిలింది అడుగుకి వడిసి పక్క గుంటలో చేరుతుంది. ఆ వడిసిన నీళ్ళు మళ్ళీ పేడలో కలుపుతారు. ఒక తొట్టి నిండితే రెండోది. మూడోది నిండేసరికి మొదటిది మంచి గెత్తమై (మాగిన పేడ ఎరువై) ఉంటుంది. రేకులు లేకుండా కట్టకండి, మన వానకి తొట్టి చెరువైపోతుంది.

ఇంకొక్క మాట. పేడ ఉంది కదాని ప్లాంటు సైజు పెంచకండి, గ్యాసు వాడకాన్ని బట్టి కట్టండి. 25 కిలోల పేడకి ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది, మీ పేడకి 13. ఒక ఘనపు మీటరు అంటే సుమారు 430 గ్రాముల సిలిండరు గ్యాసుకి సమానం. మీ ఇంట్లో ఎంత వండినా రెండు ఘనపు మీటర్లు చాలు. మిగతా గ్యాసు గాలిలోకి వదిలేస్తే అది మీథేను. వందేళ్ళ లెక్కలో బొగ్గుపులుసు వాయువు కన్నా 28 రెట్లు భూమిని వేడెక్కించేది. పేడ దిబ్బ వేసుకున్నా అంత అపకారం జరగదు. పశువుల దాణా ఉడకబెట్టడానికో, చాఫ్ కట్టర్ ఇంజనుకో, పక్కన రెండిళ్ళకి పైపు వేసి ఇవ్వడానికో పనికొస్తే పెద్దది కట్టండి. లేదంటే చిన్న ప్లాంటు, మిగతా పేడ గెత్తం.

ప్రశ్న: మాకు మూడే గేదెలండీ. ఊళ్ళో ఎవరో భయపెడుతున్నారు, గోబర్ గ్యాస్ కడితే ఆఫీసుల చుట్టూ తిరగాలని. తిరగాలా?
– అంబాజీపేట వైపు నుంచి ఒక గృహిణి

జవాబు: అక్కర్లేదమ్మా. ఇందాక చెప్పిన సమ్మతులు మీ మూడు గేదెల జోలికి రావు. ఆర్థిక సాయం ఉందేమో కనుక్కోవాలంటే మాత్రం ఒకసారి రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్ఆర్ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) వాళ్ళ దగ్గరికి తిరగాలి. సాయం అడిగితే వాళ్ళు ఒప్పుకున్న నమూనాలోనే కట్టాలి. మంచినీళ్ళ బావికీ ప్లాంటుకీ మధ్య ఎంత ఎడం వీలైతే అంత ఉంచండి. స్లర్రీ వచ్చే తొట్టి పల్లంలో పెట్టి, పక్కింటి పెరట్లోకి పారించకండి. చుట్టాల మధ్య వచ్చే తగువు ఏ బోర్డూ తీర్చలేదు.

ప్రశ్న: మాది లంక గ్రామం. అయిదడుగులు తవ్వితే ఊట. ఇక్కడ దీనబంధు కట్టొచ్చా?
– ముమ్మిడివరం ప్రాంతం నుంచి

జవాబు: కట్టొచ్చు. కానీ నా కథ విని కట్టండి.

మా ప్లాంటు మొదటిసారి ఆషాఢం రాకముందే ముగించాలని తొందరపడి కట్టించాం. మేస్త్రి డోము మూసేసి, మట్టి తరవాత కప్పుకోండని వెళ్ళిపోయాడు. పేడ పోయడానికి మా అమ్మ ముహూర్తం చూసింది, శ్రావణంలో కుదిరింది. ఈలోగా వారం రోజులు ముసురు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ప్లాంటు జానెడు పైకి లేచి ఉంది! పేడ పోసే గొట్టం విరిగిపోయింది. ఖాళీ కుండను నీళ్ళలో ముంచితే ఎందుకు పైకి తంతుందో, ఇదీ అందుకే. మూడు వేల లీటర్ల ఖాళీ గుంత చుట్టూ నీళ్ళు నిండాయంటే మూడు టన్నుల బలంతో కింద నుంచి ఎత్తుతాయి. తప్పు మేస్త్రిది కాదు, నాదే. ఫిజిక్సు చదివి మర్చిపోయాను. మా అమ్మ మాత్రం తప్పు ఆషాఢానిదే అని చివరిదాకా అంది.

మళ్ళీ మే నెలలో, కాలువలు కట్టేసి ఊట దిగాక కట్టాం. ఈసారి సగం నేల లోపల, సగం పైన. చుట్టూ మట్టి కట్టవేసి, సిమెంటు ఆరి క్యూరింగ్ అయిన మర్నాడే నీళ్ళు నింపేశాం. ముహూర్తం నీళ్ళకి అక్కర్లేదని అమ్మని ఒప్పించాను. ఊటలో కట్టిన ప్లాంటు పగుళ్ళిస్తే గ్యాసు పోవడమే కాదు, స్లర్రీ మీ ఇంటి ఊటలోకే దిగుతుంది. అందుకే లోపలి గిలాబా విషయంలో సిమెంటు పొదుపు చేయకండి. ఏటా వరద ఎక్కే ఇల్లైతే ఇటుక ప్లాంటు జోలికి పోవద్దు. నేల మీద పెట్టుకునే ఫ్లెక్సీ సంచి రకాలున్నాయి, ఎత్తు అరుగు వేసి దాని మీద పెట్టుకోండి.

ప్రశ్న: మా అల్లుడు డెన్మార్క్‌లో ఉంటాడు. అక్కడ రైతు తన పేడ తన పొలంలో చల్లుకోవాలన్నా లెక్క చెప్పాలట. నిజమేనా? మనకీ అలా వస్తుందా?
– కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: నిజమేనండి మాస్టారూ. ఐరోపా సమాఖ్య దేశాలకు 1991 నుంచి ఒక నైట్రేట్ల ఆదేశం ఉంది. తాగునీటిలోకి నైట్రేట్లు దిగే ప్రమాదమున్న ప్రాంతాల్లో పశువుల ఎరువు ద్వారా హెక్టారుకు ఏటా 170 కిలోల నత్రజనికి మించి వేయకూడదు. మన లెక్కలో ఎకరానికి 68, 69 కిలోలు. కొన్ని దేశాలు షరతుల మీద సడలింపు తెచ్చుకుంటాయి, అది వేరే సంగతి. గ్యాసు ప్లాంటులో పులియబెట్టినా నత్రజని ఎక్కడికీ పోదు కాబట్టి స్లర్రీకీ ఇదే లెక్క. పైగా చలికాలంలో చల్లనివ్వరు. నేల గడ్డకట్టి, పైరు లేనప్పుడు చల్లింది నీళ్ళలోకే పోతుందని. అందుకని నెలల తరబడి నిల్వ ఉంచే ట్యాంకులు కట్టుకోవాలి.

మనకి వస్తుందో రాదో జోస్యం నాకు చేతకాదు. ఒకటి మాత్రం చూడండి. వాళ్ళకి మంచు ఎలాగో మనకి శ్రావణ భాద్రపదాలు అలాగ. పైన పాలకొల్లు రైతుకి చెప్పిన నాలుగు నెలల నిల్వ లెక్క ఇక్కడ ఏ చట్టంలోనూ చూసి రాసింది కాదు, డ్రెయిన్ చూసి రాసింది. మీ అల్లుడు ఈసారి వచ్చినప్పుడు అక్కడి ట్యాంకు మీద మూత ఎలా వేస్తారో అడగండి, నాకూ తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: మిగిలిన గ్యాసు ట్రాక్టరు ట్యూబులో నింపి అమ్మొచ్చా? వీడియోల్లో చూశాను. సిలిండర్లో ఎక్కించే కంప్రెసరు కూడా దొరుకుతుందట.
– మండపేట నుంచి ఒక కుర్రాడు

జవాబు: వీడియో చూసి చేసే పని కాదు తమ్ముడూ. గ్యాసును ఒత్తిడి మీద సిలిండర్లో ఎక్కించడం 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తుంది, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు ఉండాలి. వాహనాలకు అమ్మే బయోగ్యాసుకైతే ఐఎస్ 16087 ప్రమాణం ఉంది, మీథేను కనీసం 90 శాతం ఉండాలి. మీ ప్లాంటు గ్యాసులో 55 నుంచి 65 శాతమే. మిగతాది చాలావరకు బొగ్గుపులుసు వాయువు, కాస్త తేమ, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు. ఆ సల్ఫైడు ఇనుమును తినేస్తుంది. తుప్పు తిన్న సిలిండరు, లోపల ఒత్తిడి, పక్కన మీరు. ట్యూబు సంగతంటారా, మేకు గుచ్చుకుంటే చాలు. వద్దు.

ప్రశ్న: మాకు 30 వేల గుడ్ల కోళ్ళున్నాయి. ఆ పెంటతో గ్యాస్ ప్లాంటు పెడితే ఈగల బెడద పోతుందా?
– అనపర్తి దగ్గర నుంచి

జవాబు: ఈగలు తగ్గుతాయి. 25 వేలు దాటారు కాబట్టి మీ ఫారానికీ మండలి సమ్మతి ఉండాలని ముందుగా గుర్తు చేస్తున్నాను. కోళ్ళ పెంటలో నత్రజని బాగా ఎక్కువ. ఒక్కదాన్నే వేస్తే అమోనియా పెరిగి ప్లాంటు మొరాయిస్తుంది. గేదె పేడ కలిపి వేయండి. మేతలో వేసే సున్నపురాయి నలుసు, ఈకలు అడుగున పేరుకుంటాయి, కలిపే తొట్టిలోనే తేర్చి తీసేయాలి. బయటికొచ్చే స్లర్రీ ఘాటుగా ఉంటుంది, నీళ్ళు కలపకుండా లేత మొక్కలకి పోస్తే మాడతాయి. చేపల చెరువులోకి పంపేద్దామనుకుంటున్నారేమో, ఉత్తరంలో ఆ వాసన కొట్టింది. ఎక్కువైన రాత్రి తెల్లారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. ఎండబెట్టి సంచుల్లో కట్టి, పేరు పెట్టి అమ్ముదామంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. పులియబెట్టిన సేంద్రియ ఎరువుకి అందులో ప్రమాణాలున్నాయి.

ప్రశ్న: మా నాన్నగారి కాలంలో కట్టిన ఇనుప డ్రమ్ము ప్లాంటు పెరట్లో పదిహేనేళ్ళుగా పాడుబడి ఉంది. డ్రమ్ము తుప్పుపట్టి చిల్లులు పడింది. ఈ ఆదివారం మా తమ్ముడు, నేను దిగి అడుగు పేడ తీసేసి, బాగుచేద్దామనుకుంటున్నాం. ఆ బురద పొలానికి పనికొస్తుందా?
– రాజోలు నుంచి

జవాబు: పనికొస్తుంది. కానీ ఆదివారం ఎవరూ దిగొద్దు. మీ ఉత్తరం చదవగానే పత్రిక వాళ్ళకి ఫోన్ చేసి, ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు కబురు పెట్టమన్నాను. అందిందనుకుంటాను.

పదిహేనేళ్ళ నాటి గుంత కదా, చచ్చిపోయిందనుకుంటారు. పైన గట్టి పొర కట్టి ఉంటుంది, కింద బురదలో గ్యాసు బుడగలు అలాగే ఉంటాయి. కాలు పెట్టి కదిపిన క్షణంలో బయటికొస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడు గాలి కన్నా బరువు, గుంత అడుగునే కూర్చుంటుంది. కొంచెం ఉంటే వాసన తెలుస్తుంది. ఎక్కువుంటే ముక్కు మొద్దుబారి ఏ వాసనా తెలీదు. వాసన లేదు కదాని దిగినవాడు పడిపోతాడు. వాణ్ణి తీయడానికి అన్న దిగుతాడు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి వెనక ఒకరు పోవడం అలాగే. దీపం దించి చూసే పద్ధతి మీ నాన్నగారి కాలంలో ఉండి ఉండొచ్చు, మీథేను ఉన్నచోట దీపం దించడమంటే నిప్పు పెట్టడమే.

డ్రమ్మును కప్పీ కట్టి పైకి లాగించేయండి. బీడీలు, సెల్‌ఫోన్లు దూరం. గుంతను కొన్ని రోజులు తెరిచి ఉంచండి, చుట్టూ కంచె కట్టండి, పిల్లలు, దూడలు పడకుండా. తరవాత గట్టు మీద నుంచే మురుగు పంపు పెట్టి, నీళ్ళు పోసి కలుపుతూ తోడించండి. తోడినది బోదెలోకి కాదు, ఎండిన చేలోకి. అడుగున మిగిలిన గట్టిది పొడవు కర్ర పారతో పైనుంచే గీకండి. గీకలేనిది ఉండిపోనివ్వండి, కొత్త పేడ పులియడానికి అదే తోడు. డ్రమ్ము బదులు ఫైబరు డ్రమ్ము వేయించుకోండి, సముద్రపు గాలి తగిలే మీ ఊరికి ఇనుము నిలవదు.